పదిహేడో కొలిమి

ఓస్ట్రవాలో మసి ముందు లేస్తుంది, మనుషులు తర్వాత.
ఆరింటి ట్రాము దిగి
చేతి తొడుగులు తీయకుండానే నేలమాళిగలోకి దిగేవాణ్ణి.
కింద నలభై కొలుములు, నిలువుగా,
ఒక్కోదాని కడుపులో ఒక్కో ఉక్కు కడ్డీ,
చిటికెన వేలంత.
పై కొసకు పట్టు, కింది కొసకు బరువు,
చుట్టూ అయిదు వందల యాభై డిగ్రీలు.

అంతే పరిశోధన.
వేడిలో బరువు మోస్తూ మోస్తూ
ఉక్కు ఎన్నాళ్ళకు తెగుతుంది?
డెబ్భై నాలుగులో, చేరిన కొత్తలో నాకు నవ్వొచ్చింది.
ఉక్కు సాగడమేమిటి, పిండి ముద్దా?

"సాగుతుంది," అంది ద్రహోమీరా కుబ్యెనోవా
ముల్లు మీది చూపు తిప్పకుండా.
"నువ్వు చూస్తుండగా సాగదు.
పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని,
పళ్ళు కట్టించుకుని రా. అప్పటికి సాగి ఉంటుంది."

పదిహేడో కొలిమి వెలిగించింది ఆమే,
అరవై ఒకటి మార్చిలో.
ఆ కడ్డీ, కరెంటు కేంద్రంలోని ఆవిరి గొట్టం
ఒకే పోతలో పుట్టాయి.
గొట్టం అక్కడ ఊరికి దీపాలిస్తుంటే
ఇది ఇక్కడ ఎక్కువ బరువెత్తుకుని
దానికంటే ముందు తెగి
కబురు చెప్పాలి.

బూడిద రంగు అట్ట పుస్తకంలో రోజుకొక వరస.
అరవై ఎనిమిది, ఆగస్టు ఇరవై ఒకటి,
ఆమె చేతిరాత:
ఉదయం ఆరు. 549. మార్పు లేదు.
పక్కన, పెన్సిలుతో, బాగా చిన్నగా:
వీధిలో ట్యాంకులు. ముల్లు వణికి చోటికి వచ్చింది.

ఈ పరీక్ష తలపెట్టిన ఇంజనీరు షెబెస్తా
ఆ తర్వాత ఏదో కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.
పై అంతస్తు గది పోయింది.
అదే భవనంలో బాయిలరుకు బొగ్గెత్తే పని ఇచ్చారు.
సోమవారం సోమవారం బూడిద బండి తోసుకుంటూ
మా తలుపు దాకా వచ్చి ఆగేవాడు.
మాట్లాడితే రాసుకునేవాళ్ళున్నారు.
ద్రహోమీరా తల ఎత్తకుండా రెండు వేళ్ళు చూపేది:
ఈ వారం రెండు మైక్రాన్లు.
బండి కదిలేది.

పదమూడేళ్ళు, ఆ రెండు వేళ్ళు.
ఒక్కోసారి ఒకటి.
పండగ వారం ఒకసారి మూడు చూపితే
గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.
ఆమె రిటైరయ్యాక వేళ్ళు నావి.
ఎనభై ఆరు నుంచి ఒక చెయ్యి సరిపోలేదు,
తర్వాత రెండూ సరిపోలేదు.
మూసి, మళ్ళీ తెరిచేవాణ్ణి.
షెబెస్తా పెదాలు కదిపి లెక్కపెట్టేవాడు.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో ఒక రాత్రి
బరువు ఇసక తొట్టిలో పడింది.
ఎవరూ వినలేదు.
పొద్దున నేను వెళ్ళేసరికి గడియారం ఆగి ఉంది.
2,41,016 గంటలు.

ద్రహోమీరాకి ఫోన్ చేశాను. కాసేపు ఊపిరి మాత్రమే వినపడింది.
"తెగిన చోటు ముట్టుకోకు," అంది,
"వేలి చెమటకు తుప్పు పడుతుంది."

సూక్ష్మదర్శిని కింద చూశాం.
రేణువుల సరిహద్దుల వెంట చిన్న చిన్న ఖాళీలు,
ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు,
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి
గీతయ్యాయి.

ముక్కను దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి,
నిబంధనకు విరుద్ధంగా,
షెబెస్తా ఇంటికి పట్టుకెళ్ళాను.
పింఛనుకి వచ్చి నెలైంది, గోళ్ళలో బొగ్గు ఇంకా పోలేదు.
ముక్క చూడకముందే గంట అడిగాడు.
చెప్పాను.
గోడ గడియారం తలుపు తీసి
మడతలు పడ్డ చీటీ బయటికి లాగాడు,
అరవై ఒకటి నాటి తన అంచనా: లక్షా ఎనభై వేలు.
"తప్పు!" అని అరిచాడు వంటింట్లోకి,
"యిట్కా, నా లెక్క తప్పు!"
ఆవిడ ప్లమ్ సారాయి సీసా తెచ్చింది.

నివేదికలో పేర్లు రాయమన్నారు. రెండు రాశాను.
మొదటిది కొట్టేసి పంపారు.
మళ్ళీ రాసి పంపాను. జవాబింకా రాలేదు.

నిన్న పదిహేడులో కొత్త కడ్డీ వేలాడదీశాను.
గడియారం సున్నా.
నాకు ముప్ఫై నాలుగు.
పళ్ళు ఇంకా నావే.